మ్యాప్ నిండినప్పుడు: ఎంబెడెడ్ డేటాబేస్‌లో సైజు పెంచే ముందు

ఎంబెడెడ్ కీ-వేల్యూ డేటాబేస్ మీద ఆధారపడిన ప్రోగ్రామ్ నెలల తరబడి సాఫీగా నడిచి, ఉన్నట్టుండి ఒక రోజు రాతలన్నీ తిప్పికొట్టడం మొదలుపెడుతుంది. డిస్క్‌లో బోలెడు చోటు ఉంటుంది. మెమరీకి లోటుండదు. చదివే పనులు ఎప్పటిలాగే సాగుతుంటాయి. లాగ్‌లో మాత్రం ‘మ్యాప్ ఫుల్’ అనే ఎర్రర్ వరుసగా పడుతుంటుంది. ఇలాంటి డేటాబేస్‌లలో ఒకటైన ఎల్ఎండీబీలో దీని సంఖ్య -30792.

అలాంటప్పుడు చాలామంది చేసేది ఒక్కటే: మ్యాప్ సైజును రెట్టింపు చేసి, ప్రోగ్రామ్‌ను మళ్లీ నడపడం. డేటా నిజంగా పెరిగినప్పుడు అది సరైన మందే. కానీ డేటా పెరగకుండానే మ్యాప్ నిండే సందర్భాలు తక్కువేమీ కావు. అక్కడ సైజు పెంచడం గడువు పొడిగించినట్టే తప్ప, మూలకారణం అలాగే ఉంటుంది. అందుకే సైజు జోలికి వెళ్లేముందు, పాత పేజీలను (డేటాను దాచే సమాన పరిమాణపు ముక్కలను) వదలకుండా పట్టుకున్నది ఎవరో చూడాలి. మ్యాప్‌ను నింపేది తరచుగా వాళ్లే. సైజు పెంచబోతే అడ్డుపడేదీ వాళ్లే.

ముందు మ్యాప్ సైజు అనే సంఖ్యకు అర్థం తెలియాలి. ఎల్ఎండీబీని సైమస్ సంస్థకు చెందిన హోవర్డ్ చూ 2011లో, ఓపెన్ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్‌లో బర్క్‌లీ డీబీ అనే పాత డేటాబేస్ స్థానాన్ని భర్తీ చేయడానికి రూపొందించారు. డేటా ఫైలు మొత్తాన్నీ ప్రోగ్రామ్ అడ్రస్ స్పేస్‌లోకి, అంటే అది వాడుకోగల మెమరీ చిరునామాల పరిధిలోకి, మ్యాప్ చేసేయడమే దాని ప్రధాన సూత్రం. విడిగా సొంత క్యాష్ ఉండదు, ఆ బాధ్యతంతా ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌దే. ఒక కీ అడిగితే డేటాను కాపీ చేసి ఇవ్వదు, మ్యాప్‌లో అది ఉన్న చోటికే పాయింటర్ ఇస్తుంది. ఇది పనిచేయాలంటే మ్యాప్ ఒకే అఖండమైన ముక్కగా ఉండాలి, ప్రోగ్రామ్ నడుస్తుండగా చోటు మారకూడదు. కాబట్టి ఎంత మేర అడ్రస్‌లు కావాలో ముందే చెప్పాల్సి వస్తుంది. అదే మ్యాప్ సైజు. చెప్పకపోతే, డాక్యుమెంటేషన్ ప్రకారం, 1,04,85,760 బైట్లు, అంటే 10 ఎంబీ అనుకుంటుంది. పరీక్షలకు సరిపోయి, అసలు వాడకంలో మొదటి వారమే చేతులెత్తేసే పరిమాణం ఇది.

కొత్తగా వచ్చేవారు ఈ సంఖ్యను చూసి జంకుతారు. 100 జీబీ అని రాస్తే 100 జీబీ డిస్క్, లేదా అంత ర్యామ్ పోతుందని భయం. లినక్స్‌లో మామూలు పద్ధతిలో అలా జరగదు. ఒక వీధికి వెయ్యి ఇంటి నంబర్లు కేటాయించినంత మాత్రాన వెయ్యి ఇళ్లు లేచి నిలబడవు. ఇదీ అంతే. రాసిన మేరకే ఫైలు పెరుగుతుంది, తాకిన పేజీలే మెమరీలోకి వస్తాయి. 64 బిట్ల ఎక్స్86 యంత్రంలో సాధారణంగా ఒక ప్రాసెస్‌కు 128 టీబీ అడ్రస్ స్పేస్ అందుబాటులో ఉంటుంది, అందులో 100 జీబీ చాలా చిన్న భాగమే. ప్రాసెస్ వాడుతున్న మెమరీని చూపే సాధనాల్లో అంకె పెద్దగా కనబడి కంగారు పెట్టవచ్చు. అందులో చాలా భాగం కెర్నల్ ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగల ఫైలు పేజీలే.

ఉదారంగా ఉండటానికీ కొన్ని హద్దులున్నాయి. 32 బిట్ల వ్యవస్థలో మొత్తం అడ్రస్ స్పేసే 4 జీబీ. కెర్నల్ వాటా, లైబ్రరీలు, స్టాక్‌లు పోగా అఖండంగా దొరికేది అందులో కొంతే. ప్రాసెస్ వర్చువల్ మెమరీకి పరిమితి పెట్టిన సర్వర్లలో పెద్ద మ్యాప్ అడిగితే డేటాబేస్ తెరుచుకోదు. విండోస్‌లో ఎల్ఎండీబీ పాత వర్షన్‌లు మొదటే ఫైలును పూర్తి సైజుకు సృష్టిస్తాయి, కాబట్టి అక్కడ ఆ సంఖ్య నిజంగానే డిస్క్‌ను తింటుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ‘రైట్‌మ్యాప్’ అనే ఐచ్ఛికంతో. అది లేకుండా నడిపితే ఎల్ఎండీబీ మ్యాప్‌ను చదవడానికే వాడుతుంది, రాతలు మామూలు ఫైలు రాతలుగా వెళ్తాయి. డిస్క్ నిండితే చోటు లేదన్న ఎర్రర్ వస్తుంది, ట్రాన్సాక్షన్ (ఒకే మూటగా జరిగే రాతల లేదా చదువుల వరుస) రద్దవుతుంది, డేటా భద్రంగా ఉంటుంది. రైట్‌మ్యాప్ పెడితే ఫైలును మ్యాప్ సైజు మేరకు సాగదీసి, లోపల ఖాళీలు ఉన్న ఫైలుగా ఉంచుతుంది, రాతలు నేరుగా మెమరీలోకి పోతాయి. ఆ ఖాళీల్లో ఒకదాన్ని తాకిన క్షణంలో డిస్క్‌లో చోటు లేకపోతే, ఎర్రర్ కోడ్ ఇవ్వడానికి కెర్నల్‌కు దారే ఉండదు. సిగ్‌బస్ సంకేతం పంపి ప్రాసెస్‌ను పడగొడుతుంది. కాబట్టి ఆ పద్ధతిలో మ్యాప్ సైజు డిస్క్‌లో నికరంగా దొరికే చోటును దాటకూడదు. ఖాళీలున్న ఫైలును ఆ సంగతి తెలియని బ్యాకప్ సాధనంతో నకలు తీస్తే, నకలులో ఆ ఖాళీలన్నీ సున్నాలతో నిండిపోతాయి. 3 జీబీ డేటా బ్యాకప్‌లో 100 జీబీ కావడానికి కారణం ఇదే. ఎల్ఎండీబీతో వచ్చే ఎండీబీ కాపీ సాధనం వాడితే ఈ చిక్కు ఉండదు, రాతలు జరుగుతున్నప్పుడు కూడా అది పొందికైన నకలు ఇస్తుంది.

డేటా పెరగకుండానే మ్యాప్ ఎలా నిండుతుందన్నదే ఇందులో అసలు ఘట్టం.

ఎల్ఎండీబీ ఉన్న పేజీని దిద్దదు. మార్చాల్సిన పేజీకి నకలు తీసి, కొత్త చోట రాస్తుంది. డేటాను పేజీల చెట్టుగా అమర్చే బీ ప్లస్ ట్రీలో ఆకు పేజీ చోటు మారితే దాన్ని చూపే కొమ్మ పేజీ మారాలి, కొమ్మ మారితే వేరు పేజీ మారాలి. మూడు అంచెల చెట్టులో 8 బైట్ల విలువ ఒకదాన్ని మార్చినా మూడు పేజీలు కొత్తగా రాయాలి. పేజీ 4,096 బైట్లయితే మొత్తం 12,288 బైట్లు. చివర్లో, ఫైలు మొదట్లో ఉండి వేరు ఎక్కడుందో చెప్పే రెండు మెటా పేజీల్లో ఒకదాన్ని తిరగరాయడంతో కమిట్, అంటే మార్పును ఖాయం చేయడం, పూర్తవుతుంది. పాత మూడు పేజీలు ఫ్రీ లిస్ట్ అనే ఖాళీ పేజీల జాబితాలోకి వెళ్లి, తర్వాత వచ్చే ట్రాన్సాక్షన్లకు పనికొస్తాయి. అందువల్ల మామూలు రోజుల్లో ఎన్ని మార్పులు చేసినా ఫైలు ఒక స్థాయి దగ్గర నిలకడగా ఉండిపోతుంది.

ఈ నిలకడ అంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. పాత పేజీలను ఎవరూ చదువుతూ ఉండకూడదు. చదివే ట్రాన్సాక్షన్ తెరిచిన క్షణంలో డేటాబేస్ ఎలా ఉందో, మూసే వరకూ ఆ రీడర్‌కు అలాగే కనబడాలి. కాబట్టి ఆ క్షణం తర్వాత విడుదలైన ఏ పేజీనీ రైటర్ మళ్లీ వాడుకోదు. ఆ రీడర్ చూస్తున్నది ఒకే ఒక్క కీ కావచ్చు, ఏమీ చూడకుండా ఊరికే తెరిచి ఉండవచ్చు. ఎల్ఎండీబీ అంత లోతుకు వెళ్లి లెక్క తీయదు, అన్నిటికంటే పాత రీడర్ ఏ ట్రాన్సాక్షన్ దగ్గర ఉందో అదొక్కటే చూస్తుంది.

పై ఉదాహరణకే లెక్క కట్టి చూడవచ్చు. సెకనుకు 100 చిన్న మార్పులు, ఒక్కోదానికి ఒక్కో కమిట్. పేజీలు తిరిగి వాడుకోగలిగినంత సేపూ ఫైలు కదలదు. ఇంతలో ఒక థ్రెడ్ చదివే ట్రాన్సాక్షన్ తెరిచి, నెట్‌వర్క్ నుంచి రావాల్సిన జవాబు కోసం గంట సేపు ఆగిపోయిందనుకుందాం. సెకనుకు 12 లక్షల బైట్ల చొప్పున కొత్త పేజీలు కావాలి, పాతవి ఒక్కటీ తిరిగి రావు. గంట గడిచేసరికి ఫైలు 4 జీబీ పైచిలుకు పెరుగుతుంది. ఫ్రీ లిస్ట్ సొంతంగా మార్చుకునే పేజీలు దీనికి అదనం. ఇంతా చేసి డేటాబేస్‌లో కొత్తగా చేరిన కీల సంఖ్య సున్నా. మ్యాప్ సైజు 2 జీబీ అయి ఉంటే అరగంటకే రాతలు ఆగిపోయేవి.

ఈ తేడా పట్టుకోవడానికి ఎండీబీ స్టాట్ అనే చిన్న సాధనం చాలు. మ్యాప్ సైజు ఎంత, గరిష్ఠంగా ఎన్ని పేజీలు, ఎన్ని వాడుకలో ఉన్నాయి, ఫ్రీ లిస్ట్‌లో ఎన్ని ఉన్నాయి అన్నవన్నీ అది చూపుతుంది. 1 జీబీ మ్యాప్‌లో 4,096 బైట్ల పేజీలు 2,62,144 పడతాయి. వాడుకలో 2,62,000 పేజీలుండి, ఫ్రీ లిస్ట్‌లో 200 మాత్రమే ఉంటే డేటా నిజంగానే నిండింది, సైజు పెంచాల్సిందే. అదే ఫ్రీ లిస్ట్‌లో 2,40,000 పేజీలుంటే, చోటంతా ఉండి కూడా అందకుండా ఉన్నట్టు. అప్పుడు రీడర్ల పట్టిక చూడాలి. ఏ ప్రాసెస్, ఏ థ్రెడ్, ఏ ట్రాన్సాక్షన్ దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. తాజా ట్రాన్సాక్షన్ సంఖ్యకు లక్షల దూరంలో వెనకబడిన వరుస కనబడితే దోషి దొరికినట్టే.

ఆ వరుసకు చెందిన ప్రాసెస్ ఒక్కోసారి బతికి కూడా ఉండదు. చదువుతూ చదువుతూ కూలిపోయిన ప్రాసెస్ తన పేరు తుడిచి వెళ్లదు కదా. ఆ వరుస పట్టికలో అలాగే ఉండి, చనిపోయిన రీడర్ కోసం పేజీలు ఆగిపోతాయి. రీడర్ చెక్ ఫంక్షన్‌ను పిలిస్తే అలాంటి వరుసలు తుడిచిపెట్టుకుపోతాయి. ఒకటి కంటే ఎక్కువ ప్రాసెస్‌లు ఒకే డేటాబేస్‌ను పంచుకునే చోట, ప్రోగ్రామ్ మొదలవగానే ఒకసారి, ఆపై అప్పుడప్పుడూ దీన్ని పిలవడం తప్పనిసరి అలవాటు కావాలి. బతికున్న రీడర్ల విషయానికొస్తే, ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి బయటి పనుల కోసం ఎదురుచూడకూడదు. పెద్ద జాబితా చదవాల్సి వస్తే కొంత చదివి, చివరి కీ గుర్తుపెట్టుకుని, ట్రాన్సాక్షన్‌ను రీసెట్ చేసి, మళ్లీ రెన్యూ చేసి అక్కడి నుంచి కొనసాగించాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే క్షణపు చిత్రం కావాలన్న నియమం నిజంగా ఉన్న పనులు తక్కువే.

ఫ్రీ పేజీలు పుష్కలంగా ఉండి, పాత రీడర్లు ఎవరూ లేకపోయినా ఎర్రర్ వచ్చే సందర్భం ఇంకొకటి ఉంది. పేజీలో సుమారు సగానికి మించిన పెద్ద విలువలను ఎల్ఎండీబీ విడి ఓవర్‌ఫ్లో పేజీల్లో పెడుతుంది. ఒక విలువకు కావాల్సిన పేజీలన్నీ పక్కపక్కనే ఉండాలి. 1 ఎంబీ విలువకు 257 పేజీలు ఒకే వరుసలో దొరకాలి. ఖాళీలు వేలల్లో ఉన్నా చెల్లాచెదురుగా ఉంటే అవి పనికిరావు. రకరకాల సైజుల పెద్ద విలువలను రాస్తూ, చెరిపేస్తూ ఉండే డేటాబేస్‌లో ఇది మెల్లగా పేరుకుంటుంది. పెద్ద విలువలను కొద్ది పేజీల ముక్కలుగా విడగొట్టి దాచడమో, వాటిని విడి ఫైళ్లలో ఉంచి డేటాబేస్‌లో దారి మాత్రమే రాయడమో మేలు.

మ్యాప్ నిండగానే పాత డేటా చెరిపి చోటు చేద్దామనుకోవడం సహజం. ఆ ఆలోచన తరచుగా బెడిసికొడుతుంది. చెరపడం కూడా రాతే. ఆకు పేజీ నుంచి వేరు దాకా నకళ్లు తీయాలి, ఆ నకళ్లకు కొత్త పేజీలు కావాలి, మ్యాప్‌లో అవి లేవు. పైగా ఒక ట్రాన్సాక్షన్‌లో విడుదలైన పాత పేజీలు అదే ట్రాన్సాక్షన్‌కు అక్కరకు రావు. లక్ష కీలు ఒకే ట్రాన్సాక్షన్‌లో చెరపబోతే అది మధ్యలోనే మ్యాప్ ఫుల్‌తో ఆగిపోతుంది. చెరిపివేతను చిన్న చిన్న ట్రాన్సాక్షన్లుగా విడగొడితే, కొద్ది పేజీలైనా మిగిలి ఉన్నప్పుడు పని జరిగే వీలుంది. ఒక్కటీ లేకపోతే ముందు సైజు కాస్త పెంచి ఆ తర్వాతే చెరపాలి. కమిట్ దశలో ఫ్రీ లిస్ట్‌ను రాసుకోవడానికీ పేజీలు కావాలి కాబట్టి, రాతలన్నీ సజావుగా జరిగాక కమిట్ దగ్గర కూడా ఇదే ఎర్రర్ రావచ్చు. కమిట్ ఇచ్చే జవాబును చూడని కోడ్ డేటా పోగొట్టుకుంటుంది, పోయిన సంగతి కూడా దానికి తెలియదు.

ఇక సైజు పెంచడం. ఎల్ఎండీబీలో అందుకు ఉన్న ఫంక్షన్ ఒక్కటే, సెట్ మ్యాప్‌సైజ్. నియమం కూడా ఒక్కటే, కానీ కఠినమైనది. ఆ ప్రాసెస్‌లో ఆ సమయంలో ఏ ట్రాన్సాక్షనూ తెరిచి ఉండకూడదు, చదివేది కూడా. ఎందుకంటే పాత మ్యాప్‌ను తీసేసి కొత్తది పెట్టినప్పుడు అడ్రస్ మారిపోవచ్చు. రీడర్ చేతిలో ఉన్న పాయింటర్లు పాత చోటునే చూపుతుంటాయి, ఆ చోటు ఇప్పుడు లేదు. ఈ నియమం పాటించామో లేదో లైబ్రరీ తనిఖీ చేయదు, ఆ పూచీ పూర్తిగా ప్రోగ్రామ్‌దే. పాటించకపోతే ప్రాసెస్ ఎక్కడో సంబంధం లేని చోట కూలి, కారణం వెతకడానికి రోజులు పట్టవచ్చు.

కాబట్టి చాలా థ్రెడ్‌లున్న ప్రోగ్రామ్‌లో ట్రాన్సాక్షన్లకు ముందు ఒక ద్వారం ఉండాలి. ప్రతి ట్రాన్సాక్షన్ తెరిచేముందు ఒక రీడ్-రైట్ లాక్‌ను పంచుకునే పద్ధతిలో తీసుకుంటుంది, మూసినప్పుడు వదులుతుంది. సైజు పెంచే థ్రెడ్ అదే లాక్‌ను ఏకాంతంగా తీసుకుంటుంది. కొత్తవాళ్లు లోపలికి రారు, ఉన్నవాళ్లు బయటికి వెళ్లే దాకా అది ఆగుతుంది, ఆపై సైజు మార్చి ద్వారం తెరుస్తుంది. మొనేరో బ్లాక్‌చెయిన్ కోడ్‌లో ఇలాంటి ఏర్పాటే ఉంది. కొత్త ట్రాన్సాక్షన్లను ఆపి, నడుస్తున్నవి పూర్తయ్యే వరకూ వేచి, డిస్క్‌లో తగినంత చోటు ఉందో లేదో కూడా చూసి, ఆ తర్వాతే మ్యాప్‌ను పెంచుతుంది. ఇక్కడే గంటల తరబడి తెరిచి ఉంచిన రీడర్ రెండోసారి ఎదురవుతాడు. అతను బయటికి రాకపోతే ద్వారం దగ్గర సైజు పెంచే థ్రెడ్ ఆగిపోతుంది, దాని వెనక కొత్త ట్రాన్సాక్షన్లన్నీ ఆగిపోతాయి. రాతలు మాత్రమే ఆగిన చోట ఇప్పుడు ప్రోగ్రామ్ మొత్తం స్తంభిస్తుంది. రీడర్ల క్రమశిక్షణ లేకుండా సైజు పెంచే కోడ్ రాసి లాభం లేదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఎర్రర్ వచ్చాక పెంచడమా, రాకముందే పెంచడమా అన్నది తర్వాతి ప్రశ్న. వచ్చాకైతే ఆ ట్రాన్సాక్షన్ చెడిపోయినట్టే, రద్దు చేసి మొదటి నుంచి మళ్లీ చేయాలి. అలా మళ్లీ చేయగలిగేలా రాతలన్నీ ఎక్కడో దాచి ఉంచుకోవాలి. డీప్ లెర్నింగ్ లైబ్రరీ కాఫేలో ఈ పద్ధతి చక్కగా కనబడుతుంది. కీలనూ విలువలనూ ముందు మెమరీలో పోగుచేసి, కమిట్ సమయంలో మాత్రమే ట్రాన్సాక్షన్ తెరిచి వరుసగా రాస్తుంది. మధ్యలో మ్యాప్ ఫుల్ వస్తే రద్దు చేసి, సైజు రెట్టింపు చేసి, అదే కమిట్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. శిక్షణ డేటాను ఒక్క థ్రెడ్ రాసుకుపోయే పనికి ఇది సరిపోతుంది. ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వీసుకు మాత్రం ముందుచూపే మంచిది. ప్రతి రాత ట్రాన్సాక్షన్‌కు ముందు చివరి పేజీ సంఖ్యను పేజీ సైజుతో గుణించి, మ్యాప్ సైజుతో పోల్చి, ఎనభై తొంభై శాతం దాటితే అప్పుడే పెంచాలి. చివరి పేజీ సంఖ్యలో ఫ్రీ పేజీలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి ఈ లెక్క కాస్త ముందే హెచ్చరిస్తుంది. ఆ పొరపాటు మంచి వైపే ఉంది.

డేటాబేస్‌ను వేరే ప్రాసెస్ కూడా తెరిచి ఉంటే ఇంకో మెలిక. ఒక ప్రాసెస్ పెంచిన సైజు, అది ఒక రాతను కమిట్ చేశాకే ఫైలులో నమోదవుతుంది. డేటా రెండో ప్రాసెస్ మ్యాప్‌ను దాటి పెరిగితే, అది ట్రాన్సాక్షన్ తెరవబోయినప్పుడు ‘మ్యాప్ రీసైజ్డ్’ అన్న ఎర్రర్, -30785, వస్తుంది. సైజును సున్నాగా ఇచ్చి సెట్ మ్యాప్‌సైజ్‌ను పిలిస్తే కొత్త సైజును స్వీకరిస్తుంది. అక్కడా అదే నియమం, తన ట్రాన్సాక్షన్లన్నీ ముందు మూసి ఉండాలి. ఈ ఎర్రర్ పరీక్షల్లో సాధారణంగా తగలదు, అందుకే దాన్ని పట్టించుకోని కోడ్ ఎక్కువ.

సైజు పెంచే పనిని తామే చూసుకునే డేటాబేస్‌లూ ఉన్నాయి. గో భాషలోని బీబోల్ట్ మ్యాప్‌ను 32 కేబీ నుంచి మొదలుపెట్టి 1 జీబీ దాకా రెట్టింపు చేస్తూ, ఆపై 1 జీబీ చొప్పున పెంచుకుపోతుంది. సంఖ్య చెప్పే బాధ తప్పింది, కానీ రీడర్ల బాధ తప్పలేదు. మ్యాప్ మార్చాల్సి వచ్చినప్పుడు రైటర్ రీడర్లందరూ పూర్తయ్యే వరకూ ఆగాలి. ఒకే గోరౌటిన్ (గో భాషలో థ్రెడ్ లాంటిది) చదివే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి, లోపలే రాసే ట్రాన్సాక్షన్ మొదలుపెడితే, తన కోసం తానే ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలిచిపోతుంది. మ్యాప్ పెరగాల్సిన రోజు వచ్చేదాకా ఈ లోపం బయటపడదు. మొదటి మ్యాప్ సైజును పెద్దగా పెట్టే ఐచ్ఛికం అందుకే ఇచ్చారు. ఎల్ఎండీబీ నుంచి పుట్టిన లిబ్ఎండీబీఎక్స్ కనిష్ఠం, గరిష్ఠం, పెరిగే మెట్టు, తగ్గే మెట్టు అన్నీ అడిగి వాటి మధ్య ఫైలును తానే పెంచి, తగ్గిస్తుంది. నెమ్మది రీడర్ అడ్డుపడినప్పుడు ప్రోగ్రామ్‌కు కబురు పెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. కొత్తగా మొదలుపెట్టే పనికి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దాన్ని పరిశీలించవచ్చు.

బీబోల్ట్ మీద నడిచే ఎట్‌సీడీ అనే కీ-వేల్యూ సర్వర్ మరో దారి పట్టింది. మ్యాప్ ఎంతైనా పెరగగలిగినా, పైన సొంత కోటా పెట్టుకుంది. అప్రమేయంగా 2 జీబీ, సిఫారసు చేసే గరిష్ఠం 8 జీబీ. కోటా దాటితే అలారం మోగి, చదవడం, చెరపడం తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. నిండిన తర్వాత కూడా చెరపడానికి చోటు మిగిల్చడం ఇందులోని తెలివి. ఎల్ఎండీబీ వాడే ప్రోగ్రామ్‌లోనూ ఇది చేయదగినదే. మ్యాప్ సైజును ఉదారంగా పెట్టి, దానికి చాలా దిగువన సొంత హద్దు ఒకటి పెట్టుకుంటే, నిండిన రోజున శుభ్రం చేసుకునే దారి మూసుకుపోదు.

ఫైలు తగ్గించడం వేరే కథ. ఎల్ఎండీబీ, బీబోల్ట్ ఫైళ్లు పెరగడమే తప్ప తగ్గవు. చెరిపిన చోటు ఫ్రీ లిస్ట్‌లో ఉండి మళ్లీ వాడుకలోకి వస్తుంది, కాబట్టి చాలాసార్లు దాన్ని అలా వదిలేయడమే సరి. డిస్క్ నిజంగా కావాలంటే ఎండీబీ కాపీని కుదింపు ఐచ్ఛికంతో నడిపి కొత్త ఫైలు తయారుచేసుకోవాలి, ఆ నకలుకు కూడా డిస్క్‌లో చోటు ఉండాలి. నకలు తీయడం కూడా పెద్ద చదివే ట్రాన్సాక్షనే, అది సాగినంత సేపూ పాత పేజీలు ఆగిపోయి అసలు ఫైలు ఇంకా పెరుగుతుంది. అందుకని బ్యాకప్ కోసం తీసే నకలుకు రాతలు తక్కువగా ఉండే వేళ చూసుకోవాలి. ఫైలు మార్చేటప్పుడు మాత్రం దాన్ని తెరిచిన ప్రాసెస్‌లన్నీ ఆగి ఉండాలి. నకలు తీయడం మొదలయ్యాక జరిగిన రాతలు నకలులో ఉండవు, కాబట్టి మార్చడం కోసం తీసే నకలును ఆ ప్రాసెస్‌లను ఆపాకే తీయాలి. అవి నడుస్తుండగానే పేరు మార్చి కొత్త ఫైలును ఆ స్థానంలో పెడితే, అప్పటికే తెరిచి ఉన్న ప్రాసెస్ పేరు లేని పాత ఫైలులోనే రాస్తూ పోతుంది. ప్రతి కమిట్ విజయవంతమైనట్టే కనబడుతుంది, ఆ ప్రాసెస్ ఆగిన రోజున ఆ రాతలన్నీ దానితోపాటే పోతాయి.